రిజిస్టర్లో ‘ఏమీ లేదు’ అని రాసిన మూడు వారాలు

పదకొండేళ్లుగా ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. మొదట్లో అది బరువుగా ఉండేది. మోయగా మోయగా భుజం మొద్దుబారిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపు రాదు. వేళకు తింటాను, పడుకోగానే నిద్ర పడుతుంది. తప్పు చేసినవాడికి నిద్రైనా పట్టకూడదు కదా? నాకు పడుతుంది. నన్ను భయపెట్టేది అదే.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్లకైతే ఇది చెప్పలేను, నా భార్యకే చెప్పలేదు. మీరు ఊరికే వినండి, మధ్యలో ఓదార్చకండి. ఒకసారి ఆగితే మళ్లీ మొదలుపెడతానన్న నమ్మకం నాకు లేదు.

మాది కర్ణాటకలో తెలుగు మాట్లాడే వైపు. నేను అక్కడి చింతామణిలో బీఎస్సీ చదివాను. మా ప్రాక్టికల్స్ ఎలా జరిగేవో ముందు చెప్పాలి, ఎందుకంటే నా చెయ్యి పాడైంది అక్కడే. దారానికి గుండు కట్టి ఊపి, ఊపులు లెక్కపెట్టి, భూమి ఎంత బలంగా లాగుతోందో లెక్క కట్టాలి. జవాబు తొమ్మిది పాయింట్ ఎనిమిది అని అందరికీ ముందే తెలుసు. కాబట్టి ముందు జవాబు రాసుకుని, అక్కడి నుంచి వెనక్కి వస్తూ రీడింగులు నింపేవాళ్లం. పై తరగతి వాళ్ల పాత రికార్డు దొరికితే ఇంకా సుఖం. దాన్ని మేం మోసం అనుకోలేదు, పని పూర్తి చేయడం అనుకున్నాం. చక్కగా కుదిరిన రికార్డుకు ఎర్ర ఇంకుతో ‘గుడ్’ పడేది. మూడేళ్లలో ఒక్క అంకైనా కళ్లతో చూసి రాశానా? రాసిన గుర్తు లేదు.

తర్వాత కొన్నాళ్లు ట్యూషన్లు చెప్పాను. ఆ తర్వాత ఉద్యోగం దొరికింది. బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థ గుడిబండె దారిలో, ఒక గుట్ట కింద చిన్న కేంద్రం పెట్టింది. ఎప్పుడో రాయి కొట్టి వదిలేసిన క్వారీ అది. గుట్టలోకి తొలిచిన చోట గోడ కట్టి, తలుపు పెట్టి, గది చేశారు. బెంగళూరు నేల లారీలకూ రైళ్లకూ ఎప్పుడూ అదురుతూనే ఉంటుందట. ఇక్కడి రాయి కదలదని వచ్చారు. జనరేటర్ చూసుకోవడం, చల్లబరిచే డబ్బాలు మార్చడం, కాంపౌండు చుట్టూ తిరిగి రిజిస్టర్ రాయడం, ఇవి నా పనులు. బెంగళూరు నుంచి కేంద్రాన్ని నడిపే సార్ నన్ను కాంట్రాక్టు మీద తీసుకున్నారు. రెండేళ్లు గడిస్తే ఖాయం చేస్తామన్నారు.

అక్కడ పీహెచ్‌డీ చేస్తూ ఒక అమ్మాయి ఉండేది. బాగేపల్లి బజారులో కిరాణా అంగడి వాళ్ల పిల్ల. సార్‌తో ఇంగ్లీషు, డ్రైవర్‌తో కన్నడం, నాతో మన తెలుగు. నన్ను అన్నా అని పిలిచేది. ఆమె పేరు కూడా రాయను. ఆ పేరుకు నేను చేసింది చాలు.

ఒకరోజు టీ తాగుతూ, ఇదంతా దేనికమ్మా అని అడిగాను. గ్లాసు పక్కన పెట్టి ఓపిగ్గా చెప్పింది. అణువుల లెక్కలు ఎప్పుడూ సరిగ్గానే కుదురుతాయట. కానీ ఆ లెక్కల వెనక నిజంగా ఏం జరుగుతోందన్న దానిమీద పెద్ద పెద్దవాళ్లకే ఒప్పందం లేదట. కణం ముందు రెండు దారులుంటే అది ఒకేసారి రెండింట్లోనూ ఉంటుంది, మనం కొలిచినప్పుడు ఒకటి తేలుతుంది అని కొందరు. కాదు, రెండూ జరుగుతాయి, లోకమే రెండుగా చీలిపోతుంది, మనం ఒకదాంట్లో మిగులుతాం అని కొందరు. కణం ఎప్పుడూ ఒక్కచోటే ఉంది, ఒక అల దాన్ని నడిపిస్తోంది, మనకు తెలియడం లేదంతే అని ఇంకొందరు. ఈ మూడు కథలూ ఏ ప్రయోగానికైనా ఒకే అంకె చెబుతాయట. అలాంటప్పుడు ఏ ప్రయోగం పెట్టినా ఎవరిది నిజమో తేలదు.

మరి ఈ గది ఎందుకు, ఈ డబ్బాలెందుకు అన్నాను. నవ్వింది. నాలుగో రకం వాళ్లు ఉన్నారట. రెండు దారుల్లో ఉన్నది ఒక దారిలోకి రావడానికి ఎవరూ చూడనక్కర్లేదు, దానంతటదే అప్పుడప్పుడూ వచ్చి పడుతుంది అంటారట. అలా పడినప్పుడల్లా వస్తువుకు ఒక చిన్న కుదుపు తగలాలి. మిగతా మూడు కథల్లో ఆ కుదుపు లేదు. అందుకే ఈ ఒక్కదాన్ని ప్రయోగంతో పరీక్షించవచ్చు. వెంట్రుక కంటే సన్నటి ఒక రేకును గాలి లేని డబ్బాలో పెట్టి, బాగా చల్లబరిచి, అది ఎంత వణుకుతోందో కొలుస్తున్నారు. లెక్కకు మించి వణికితే అది చాలా పెద్ద సంగతి. వణకకపోతే ఆ నాలుగో కథ అబద్ధమని కాదు, కుదుపు ఉంటే ఇంతకంటే చిన్నదని మాత్రం తెలుస్తుంది.

నాకు అర్థమైంది ఒక్కటే. జవాబు సున్నా వస్తుంది. సార్‌తో సహా అందరూ అనుకుంటున్నది అదే. ముందే తెలిసిన జవాబు నాకు కొత్త కాదు కదా.

ఇక పైపు సంగతి. ఇక్కడే నా చెయ్యి ఆగుతోంది.

గుట్టకు అవతల మా మేనమామకు మల్బరీ తోట ఉండేది. ఆ ఏడు ఆయన బోరు ఎండిపోయింది. ఇంట్లో పట్టుపురుగులు రెండోసారి పొర విడిచి, మా వైపు మాటలో చెప్పాలంటే రెండో జ్వరం నుంచి లేచి, ఆకు కోసం చూస్తున్నాయి. ఇవతల వైపు రైతు ఒకాయన తన బోరు నీళ్లిస్తానన్నాడు. పైపు గుట్ట చుట్టూ తిప్పాలంటే ఎక్కడా చాలదు. అడ్డంగా రావాలంటే మా కేంద్రం కాంపౌండు గుండా, ఆ గదికి వెనక, రాతిని ఆనుకుని రావాలి.

“మూడు వారాలు చాలప్పా. గూళ్లు కట్టేదాకా. నీళ్లకు అడ్డం చెప్పాకు,” అన్నాడు మామ.

మా వైపు నీళ్లడిగితే కాదనరు. గట్టు దగ్గర కొట్టుకుని కోర్టుకెక్కిన వాళ్లు కూడా ఒకరి పొలంలో నుంచి ఇంకొకరి పైపు పోనిస్తారు. కాంపౌండులోకి బయటి పైపు, తీగ ఏదీ రాకూడదని కేంద్రం నిబంధన. నాకు తెలుసు. తెలిసే, ఒక ఆదివారం జానెడు లోతు తవ్వించి, పైపు పరిపించి, మట్టి కప్పించి, పైన రాళ్లు పేర్పించాను. అనుమతి అడగలేదు. అడిగితే కాదంటారని అడగలేదు. కాదంటే మామ ముఖం ఎలా చూడాలి?

బోరు చాలా దూరం. మోటరు చప్పుడు మా దాకా రాదు. దానికి ఆటో స్టార్టర్ ఉంది. త్రీ ఫేస్ కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు దానంతటదే తిరిగేది. మాకు వేరే లైను, జనరేటరు ఉండేవి. కాబట్టి ఊళ్లో త్రీ ఫేస్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో లోపల పనిచేసేవాళ్లకు తెలియదు. నాకూ మామ ఫోన్ చేసి నీళ్లొచ్చినాయి అంటేనే తెలిసేది.

నేల అదురును పట్టే యంత్రం ఒకటి ఉండేది. అది సరిగ్గా అప్పుడే రిపేరుకు బెంగళూరు పోయింది. అది వచ్చేదాకా గంటకోసారి నేను కాంపౌండు చుట్టూ తిరగాలి. లారీ, ట్రాక్టరు, క్వారీ పేలుడు, నీళ్లు, ఏది ఉంటే అది రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. ఏమీ లేకపోతే ఏమీ లేదు అని రాయాలి. నేనేం చేశానో మీరు ఊహించే ఉంటారు. ప్రతి సోమవారం పొద్దున కూర్చుని శనివారం దాకా గళ్లన్నీ నింపేశాను. ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. చూసి రాసినట్టు కనబడాలని రెండు పెన్నులు మార్చాను. అంత తెలివి ఉంది నాకు.

ఆ మూడు వారాలూ ఆమె ఒక్కతే కొలిచింది. ఆమెతో పనిచేసే అబ్బాయి పెళ్లి చేసుకోవడానికి ఊరికి పోయాడు. రెండో వారంలో ఆమె ఒక గ్రాఫు గీసి గోడకు అంటించింది. రేకు లెక్కకు మించి వణుకుతోంది. ఎక్కువేం కాదు. కానీ ఉంది.

ఆమె ఎగిరి గంతేయలేదు. ఆ మాట మాత్రం నేను గట్టిగా చెప్పాలి. మొదటిరోజు నుంచీ ఆమెకు అనుమానమే. ఇది నాలుగో కథ చెప్పిన కుదుపైతే ఎప్పుడూ ఒకేలా ఉండాలి, వచ్చి పోతూ ఉందంటే బయటిది ఏదో కావాలి అంది. తీగలన్నీ ఊడదీసి మళ్లీ బిగించింది. పంపు మార్చింది. వారం ముగిశాక రిజిస్టర్ తెప్పించుకుని ఒక్కో గంటా తన అంకెల పక్కన పెట్టి చూసింది. ఏమీ లేదు. తనే బయటికొచ్చి కాంపౌండు చుట్టింది. వెనక వైపు, సరిగ్గా పైపు మీద నిలబడి, నడుము మీద చేతులు పెట్టుకుని గుట్ట పైకి చూసింది. అప్పుడు త్రీ ఫేస్ లేదేమో, ఆమె కాలికి ఏమీ తెలియలేదు. ఇరవై అడుగుల దూరంలో నేనున్నాను.

నాకు అప్పుడు తెలుసా? నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో ఈ మాట. తెలియదని చెప్పాలని చాలా ఏళ్లు ప్రయత్నం చేశాను. గ్రాఫు చూసిన రోజే తెలిసింది. వణుకు పెరిగిన గంటల్లో రెండు, మామ నాకు ఫోన్ చేసిన గంటలు. పైపులో నీళ్లు ఉరుకుతుంటే దాన్ని ఆనుకున్న రాయి సన్నగా గుయ్యిమంటుంది. చెవికి వినబడదు. ఆ రేకుకు వినబడుతుంది.

ఆమె అనుమానాలతో సహా అంతా సార్‌కు రాసి పంపింది. ఆయన అనుమానాలు వదిలేసి అంకెలు పట్టుకున్నాడు. ఎక్కడో పదిమంది ముందు కుదుపు దొరికిందని అనేశాడు కూడా. తర్వాత సరిచూడటానికి మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తున్నానని కబురు పంపాడు. వాళ్లు వచ్చే ముందురోజు నేను పైపు తీయించాను. మామ పురుగులు అప్పటికే గూళ్లు కట్టాయి, ఆయనకేం నష్టం లేదు. కాలువ పూడ్చి, పైన ఎండుగడ్డి చల్లి, దాని మీద నేనే నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను.

వాళ్లు నెలరోజులు కొలిచారు. సున్నా.

సార్ ఆమెను కూర్చోబెట్టి, నన్ను పిలిచారు. ఆ మూడు వారాల్లో బయట ఏదైనా జరిగిందా అని అడిగారు. ఏమీ లేదు సార్ అన్నాను. రిజిస్టర్ తెరిచి చూపించాను. బయట ఏమీ లేకపోతే, యంత్రంలో ఏమీ లేకపోతే, మిగిలింది ఆమే. అంకెలు కల్పించిందన్నారు. ఆ మాట ముఖాన అనలేదు. ఇంగ్లీషులో ఏదో మెత్తగా అన్నారు. అర్థం అదే.

ఆ సాయంత్రం ఆమె సంచి సర్దుకుని గేటు దగ్గర బాగేపల్లి బస్సు కోసం నిలబడింది. నేను గేటు వేయడానికి పోయాను. ఈ నాలుగు మాటలూ నాకు ఉన్నవి ఉన్నట్టు గుర్తున్నాయి.

“అన్నా, నా మీద కోపమేమన్నా ఉండాదా నీకు?”

“నీ మీద నాకేం కోపమమ్మా.”

“అయితే చెప్పు. సార్ దగ్గర చెప్పొద్దులే. నాకు చెప్పు, చాలు. ఆ వణుకు యాడ నుంచి వచ్చిందో నాకు తెలియాల. ఏమన్నా నడుస్తాండిందా ఆ పొద్దు?”

“రిజిస్టర్లో రాసిండేదే అమ్మా. ఏమీ లేదు.”

“నువ్వు చూసే రాసినావు కదన్నా?”

“చూసే రాసినాను.”

సంచి భుజానికి తగిలించుకుంది. “సరేలే అన్నా. అయితే నేనే యాడో తప్పు చేసింటాను,” అంది. బస్సొచ్చింది. ఎక్కింది.

తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఆమె నన్ను నమ్మింది. తన కళ్లను కాదని నా రిజిస్టర్ను నమ్మింది.

ఎందుకు చెప్పలేదు? ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయం కావాలి. చెబితే పోతుంది. అది ఒక కారణం, అది నిజమే. కానీ అదొక్కటే అయితే ఖాయమయ్యాక చెప్పి ఉండాలి కదా? ఒక ఉత్తరం రాసి ఉండాలి. బాగేపల్లికి ఎంత దూరమని? ఆలస్యమయ్యేకొద్దీ, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు జవాబు కూడా చెప్పాల్సి వస్తుందని ఇంకా ఆలస్యం చేశాను. ఆమె పీహెచ్‌డీ వదిలేసిందని విన్నాను. విని, మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని తిన్నాను. ఏం కూరో కూడా గుర్తుంది, చిక్కుడుకాయ.

ఇంకొకటి ఉంది. ఇది చాలా ఏళ్ల తర్వాత తట్టింది. ఆ వణుకు నా పైపుదేనని నాకు మాత్రం రుజువు ఏముంది? రెండు గంటలు కుదిరాయి. మిగతా గంటలు నేను సరిచూడలేదు. ఆమె అంకెలు కల్పించిందన్నా, నా నీళ్లు రాయిని కదిలించాయన్నా, ఇంకెవరికీ తెలియనిది ఏదో ఉందన్నా, కాగితం మీద గీత ఒకటే. ఆమె టీ తాగుతూ చెప్పిన మూడు కథల లాగే. కానీ వాటి మధ్య తేల్చే ప్రయోగం లేదు. మా దానికి ఉండింది. ఒక్క అరగంట పైపులో నీళ్లు వదిలి రేకును చూస్తే తేలిపోయేది. నేను పైపుతో పాటు ఆ అరగంటను కూడా తవ్వి తీసేశాను. ఆమెకు దక్కనివ్వనిది అది. కేంద్రం మూసేశారు, ఆ గదికి తాళం. ఇక ఎప్పటికీ తేలదు.

నేను ఇప్పుడు చిక్కబళ్లాపురంలో ఉంటున్నాను. బెంగళూరులో అదే సంస్థ ఆఫీసుకు రోజూ బస్సులో పోయి వస్తాను. నా కూతురు ఇక్కడే పీయూసీ, అంటే ఇంటర్, మొదటి ఏడు చదువుతోంది. పోయిన వారం తన ఫిజిక్స్ రికార్డు తెచ్చి చూపించింది. లోలకం ప్రయోగమే. జవాబు పది పాయింట్ నాలుగు వచ్చింది. కొట్టివేతలు లేవు, వెనక్కి నింపిన గుర్తులు లేవు. కింద ఎర్ర ఇంకుతో ఇంగ్లీషులో రెండు వరుసలు. ఫ్యాన్ తిరుగుతోందా? ఆపి మళ్లీ ఏడుసార్లు చూడు, ఏది వస్తే అదే రాయి.

ఆ ఏడు అంకెకు నడుమ అడ్డగీత ఉంది. గోడకు అంటించిన గ్రాఫు మీద అలాంటి ఏడులు ఎన్ని చూశానో.

“కొత్త మేడం నాన్నా. బాగేపల్లి వాళ్లంట. తప్పొస్తే తిట్టదు. బయట నుంచి ఏమన్నా తగుల్తాండాదేమో చూడమంటాది,” అంది నా కూతురు.

పదకొండేళ్ల తర్వాత కూడా ఆమె వెతుకుతూనే ఉంది. నాకు ఏమైనా అనిపించాలి కదా అప్పుడు? ఏమీ అనిపించలేదు. రికార్డు మూసి పిల్లకు ఇచ్చాను. పేరెంట్స్ మీటింగ్‌కు నువ్వు పో, నాకు కుదరదు అని నా భార్యతో అన్నాను.

ఈరోజు ఆదివారం. తల్లీకూతుళ్లు పొద్దున్నే చింతామణిలో చుట్టాలింటికి పోయారు. నేను అటక మీద నుంచి ఆ రిజిస్టర్ దించాను. కేంద్రం మూసినప్పుడు పాత కాగితాలన్నీ తూకానికి వేస్తుంటే ఇదొక్కటి ఇంటికి తెచ్చుకున్నాను. దాయడానికో, దాచిపెట్టి ఎప్పుడైనా చూపడానికో, ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ పేజీలు తీశాను. ఏమీ లేదు, ఏమీ లేదు, కింద దాకా. వాటిని కొట్టేయలేదు. పక్కన ఖాళీలో రాశాను. ఈ మూడు వారాలు గది వెనక నేలలో నీళ్ల పైపు ఉండింది. నేనే వేయించాను. త్రీ ఫేస్ వచ్చినప్పుడల్లా నీళ్లు పారాయి. ఏ గంటల్లో పారాయో నేను చూడలేదు. ఈ పేజీల్లో ఒక్క ‘ఏమీ లేదు’ కూడా చూసి రాసింది కాదు. ఆమె చూసినది చూసినట్టే రాసింది. కింద ఇవాళ్టి తేదీ వేశాను. మీకు చెప్పని నా పేరు అక్కడ ఇంటిపేరుతో సహా రాశాను. రాయడం అయ్యాక మంచినీళ్లు తాగాను. లోటా చల్లగా తగిలింది. చాలా రోజులకు ఒకటి తగిలినట్టు తెలిసింది.

రిజిస్టర్ను పేపర్లో చుట్టి, నా కూతురి సంచిలో పెట్టాను. ఒక గంట ఉంచి తీసేశాను. మళ్లీ ఇంకొకరి చేత మోయించడమే అవుతుంది. నా భార్యకు ఫోన్ చేసి, శనివారం మీటింగ్‌కు నేనే పోతానని చెప్పాను.

ఆమె ఏమంటుందో తెలియదు. క్షమించమని అడగను, ఆ మాటకు నాకు నోరు లేదు. తలుపు చూపించవచ్చు. సార్‌కు పంపమనవచ్చు, అప్పుడు ఉద్యోగం పోవచ్చు. కానీ ఆమెను నేను ఎరిగినంతలో, ముందు పైపు ఎంత లావు అని అడుగుతుంది.

రెండు అంగుళాలు. అది కూడా రాశాను.